పడుతూనే ఉండే ఇల్లు

2021 జూలై 11న శిరీష బండ్ల అంతరిక్షం అంచు దాకా వెళ్లి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ఆమె, న్యూమెక్సికో ఎడారిలోని స్పేస్‌పోర్టు నుంచి వర్జిన్ గెలాక్టిక్ వారి ‘యూనిటీ’ వాహనంలో బయల్దేరారు. వాహనం సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. లోపలివాళ్లు ఓ నాలుగు నిమిషాలు సీట్లు వదిలి గాలిలో తేలారు. ఆ తర్వాత వాహనం కిందికి జారి, లేచిన చోటే వచ్చి వాలింది.

సరిగ్గా ఆ సమయానికి అంతకన్నా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున, అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ ఏడుగురు మనుషులతో భూమి చుట్టూ తిరుగుతోంది. దాని మొదటి ముక్క, ‘జార్యా’ మాడ్యూల్, 1998 నవంబర్ 20న బైకనూర్ నుంచి పైకి వెళ్లింది. 2000 నవంబర్ 2 నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. ఇప్పుడది 420 టన్నుల బరువున్న ఇల్లు. ఈ చివర నుంచి ఆ చివరకు 109 మీటర్లు. యూనిటీ నాలుగు నిమిషాలకే దిగిపోయింది, ఇది పాతికేళ్లు దాటినా దిగలేదు. ఎందుకని?

ఎవరినడిగినా రెండు జవాబులు వస్తాయి. ‘అంత ఎత్తున ఉంది కాబట్టి’ అన్నది ఒకటి. ‘అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కదా’ అన్నది రెండోది. రెండూ తప్పే. రెండోది మరీ మొండి తప్పు, ఎన్నిసార్లు దులిపినా వదలదు.

400 కిలోమీటర్ల ఎత్తున భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో నూటికి 88 వంతులు ఉంటుంది. భూమి వ్యాసార్థమే 6,371 కిలోమీటర్లు. దాని ముందు 400 ఏపాటి? మాట వరసకు 400 కిలోమీటర్ల పొడుగు స్తంభం ఒకటి కట్టి, దాని కొసన ఓ మనిషిని నిలబెట్టామనుకుందాం. నేల మీద 60 కిలోలు తూగేవాడు అక్కడ కాటా ఎక్కితే 53 చూపిస్తుంది. తేలడం మాట దేవుడెరుగు, కాలు జారితే తిన్నగా నేలకే వస్తాడు. అతని పక్క నుంచే స్పేస్ స్టేషన్ దూసుకుపోతూ ఉంటుంది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు, ఇద్దరి మీదా ఒకటే ఆకర్షణ. ఉన్న తేడా ఒక్కటే: ఇతను నిలబడి ఉన్నాడు, స్టేషన్ సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతోంది.

స్టేషన్‌ని పైన ఉంచుతున్నది ఆ అడ్డం వేగమే. స్టేషన్ పడకుండా ఉందనడం కూడా సరికాదు. అది పడుతోంది, ప్రతి సెకనూ పడుతోంది. ఒక సెకనులో 4.3 మీటర్లు భూమి వైపు పడుతుంది. అదే సెకనులో 7.66 కిలోమీటర్లు ముందుకు పోతుంది. భూమి గుండ్రంగా ఉంది గనుక అంత దూరం తిన్నగా వెళ్తే అడుగున నేల వంగి కిందికి తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందని లెక్క కడితే అదే 4.3 మీటర్లు వస్తుంది. పడినంత మేరా నేల తప్పుకుంటోంది. సెకను ముందు ఎంత ఎత్తులో ఉందో సెకను తర్వాతా అంతే ఎత్తు.

ఈ సంగతిని న్యూటన్ బొమ్మ గీసి మరీ చూపించాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1728లో, అచ్చయిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. పెద్ద కొండ కొసన ఫిరంగి, అందులోంచి అడ్డంగా పేలిన గుండ్లు. మొదటిది దగ్గర్లో పడుతుంది. మందు దట్టించి పేలిస్తే ఇంకాస్త దూరం పోయి పడుతుంది. ఇంకా దట్టిస్తే భూగోళంలో పావు దూరం, సగం దూరం. ఒక వేగం దాటాక గుండు ఎక్కడా నేలకు తగలక చుట్టూ తిరిగి ఫిరంగి వెనక్కే వస్తుంది. కక్ష్య అంటే ఇంతే. దీన్ని నిజం చేసే ఇంజను రావడానికి ఇంకో 229 ఏళ్లు పట్టింది. 1957లో స్పుత్నిక్ వెళ్లింది.

కాబట్టి యూనిటీని 86 కాదు, 400 కిలోమీటర్ల ఎత్తుకు తిన్నగా లేపినా ఫలితం మారేది కాదు. కొన్ని నిమిషాలు ఎక్కువ తేలి, కిందికే వచ్చేది. ఒక కిలో బరువును 400 కిలోమీటర్ల ఎత్తుకు ఎత్తడానికి కావలసిన శక్తి ఒక వంతనుకుంటే, దానికి సెకనుకు 7.66 కిలోమీటర్ల అడ్డం వేగం ఇవ్వడానికి దాదాపు ఎనిమిది వంతులు కావాలి. శ్రీహరికోటలో రాకెట్ లేవడం చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: నిట్టనిలువుగా ఎక్కేది కాసేపే, ఆ తర్వాత సముద్రం మీదికి వాలిపోతుంది. నిలువుగా ఎక్కేది దట్టమైన గాలి పొరను తప్పించుకోవడానికి. అసలు పని వాలాక మొదలవుతుంది.

ఇక తేలడం సంగతి. లోపలి మనిషి, అతని చేతిలోని చెంచా, చెంచాలోంచి జారిన నీటిబొట్టు, చుట్టూ ఉన్న గోడలు అన్నీ ఒకే వేగంతో పోతూ ఒకే తీరుగా పడుతున్నాయి. గోడకంటే మనిషి ముందు పడడు, మనిషి కంటే గోడ ముందు పడదు. నొక్కడానికి కాలి కింద నేల లేదు, అందుకే బరువు తెలియదు. దీన్ని కళ్లకు కట్టే వీడియోలు ఉన్నాయి. స్టేషన్ ఎత్తు పెంచడానికి అప్పుడప్పుడూ ఇంజన్లు వెలిగిస్తారు. ఆ సమయానికి వ్యోమగాములు మాడ్యూల్ మధ్యలో దేన్నీ పట్టుకోకుండా తేలుతూ ఉంటారు. ఇంజను వెలుగుతుంది. కెమెరాలో చూస్తే ఆ మనుషులందరూ ఎవరో లాగినట్టు మెల్లగా వెనక్కి కొట్టుకుపోయి వెనక గోడకు ఆనుకుంటారు. నిజానికి వాళ్లను ఎవరూ లాగలేదు. వాళ్లు తమ దారిన తాము పడుతూనే ఉన్నారు. ఇంజను తోసింది గోడల్ని. కెమెరా గోడకు బిగించి ఉంది కాబట్టి మనకు గోడ కదలనట్టూ, మనిషి కదిలినట్టూ కనిపించింది.

స్టేషన్ ఎటు తిరిగి ఉంది అన్నదీ, ఎటు పోతోంది అన్నదీ రెండు వేర్వేరు విషయాలు. మామూలుగా దాని కిటికీలు ఎప్పుడూ భూమి వైపే ఉంటాయి. అందుకోసం అది నిమిషానికి నాలుగు డిగ్రీల లెక్కన తన చుట్టూ తాను తిరుగుతూ, ఒక చుట్టులో ఒక్కసారి పల్టీ కొడుతుంది. ఆ భంగిమను కాపాడేది నిమిషానికి 6,600 సార్లు తిరిగే నాలుగు బరువైన చక్రాలు. శిరీష ప్రయాణం అయిన పద్దెనిమిది రోజులకు, 2021 జూలై 29న, రష్యావారి కొత్త మాడ్యూల్ ‘నౌకా’ వచ్చి తగులుకుంది. తగులుకున్న కొన్ని గంటలకు దాని ఇంజన్లు ఎవరూ చెప్పకుండానే వెలిగాయి. ఈ చక్రాల శక్తి చాల్లేదు. అటు పక్కనున్న మాడ్యూల్ ఇంజన్లూ, సరుకు నౌక ఇంజన్లూ ఎదురు తోయాల్సి వచ్చింది. అన్నీ సర్దుకునేలోపు ఆ భారీ ఇల్లు 540 డిగ్రీలు, అంటే ఒకటిన్నర చుట్టు, గిరగిరా కాకపోయినా మెల్లగా తిరిగిపోయింది. కంట్రోల్ రూములో ఎవరికీ ఊపిరి ఆడి ఉండదు. అయినా భూమి చుట్టూ దాని దారి మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు. బోర్లా పడినా వెల్లకిలా పడినా పడే తీరు ఒకటే.

ఇప్పుడు ఆ దారి మన నెత్తి మీదికి ఎలా వస్తుందో చూద్దాం. ఒక చుట్టుకు 93 నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది, రోజుకు పదిహేనున్నర చుట్లు. కక్ష్య భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది. దాని అడుగున భూమి తన మానాన తాను తూర్పుకు తిరుగుతూ ఉంటుంది. తిరుగుతున్న బంతి మీద దారం చుట్టినట్టు, ప్రతి చుట్టూ అంతకు ముందు చుట్టుకు కాస్త పడమరగా పడుతుంది. ‘కాస్త’ అంటే భూమధ్యరేఖ దగ్గర 2,600 కిలోమీటర్లు. ఈ చుట్టులో విశాఖపట్నం మీదుగా పోయిందంటే, గంటన్నర తర్వాత అదే అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి ఒమన్ తీరానికి దగ్గర్లో అరేబియా సముద్రం మీద ఉంటుంది.

స్టేషన్ మన రాష్ట్రాల మీద రెండు రకాలుగా దాటుతుంది. నైరుతి నుంచి ఈశాన్యానికి ఎక్కుతూ పోవడం ఒకటి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతూ పోవడం రెండోది. ఎక్కే దారికి ఒక తమాషా ఉంది. మ్యాపు ముందు పెట్టుకుని తడ నుంచి ఇచ్ఛాపురానికి స్కేలుతో గీత గీయండి. ఆ గీత ఉత్తరం నుంచి తూర్పుకు 39 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. మన అక్షాంశాల దగ్గర నేల మీద స్టేషన్ గీసే గీత ఒరుగు 38 డిగ్రీలు. అంటే మంచి రోజు కుదిరితే అది ఆంధ్ర కోస్తా పొడుగునా ఈ కొస నుంచి ఆ కొసకు పోగలదు. తిన్నగా కొలిస్తే 790 కిలోమీటర్లు. రైలుకు ఒక రాత్రంతా పట్టే ఆ దూరాన్ని దాటడానికి దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

కంటికి కనబడాలంటే మాత్రం కింద మనకు చీకటి పడి, పైన దానికి ఇంకా ఎండ తగులుతూ ఉండాలి. అందుకే పొద్దు కుంకాక కాసేపూ, తెల్లవారే ముందు కాసేపూ తప్ప కనబడదు. మిణుకు లేకుండా, ఏ చుక్కకన్నా కాంతిగా, పడమటి దిక్కున లేచి తూర్పుకు పోతుంది. నాలుగైదు నిమిషాలు చూస్తుండగానే ఒక్కోసారి నడి ఆకాశంలో ఆరిపోతుంది. మబ్బు కాదు, అది భూమి నీడలోకి దూరిపోయింది.

ఒక వారం సాయంత్రాలు కనిపించి, ఆపైన కొన్నాళ్లు మాయమై, మళ్లీ తెల్లవారుజామున ప్రత్యక్షం కావడానికి కారణం భూమి నడుము. భూమి నిఖార్సయిన గోళం కాదు. ధ్రువాల దగ్గరికన్నా భూమధ్యరేఖ దగ్గర దాని వ్యాసార్థం 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు కక్ష్యను ఓ పక్కకు లాగుతూ ఉంటుంది. దాంతో కక్ష్య వాలు అలాగే ఉండి, మొత్తం కక్ష్య రోజుకు 5 డిగ్రీల లెక్కన పడమరకు తిరుగుతుంది. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు. వెరసి స్టేషన్ ఒకే దిక్కుగా మన మీదికి వచ్చే వేళ రోజూ ఇంచుమించు 24 నిమిషాలు ముందుకు జరుగుతుంది. రెండు నెలలకు మొదటికొస్తుంది.

51.6 అనే అంకె ఎక్కడిదని అడగవచ్చు. దాని వెనక ఉన్నది రాజకీయం. అమెరికా మొదట రష్యా లేకుండా స్టేషన్ కట్టాలనుకున్నప్పుడు ఫ్లోరిడా అక్షాంశానికి సరిపడా 28.5 డిగ్రీలు అనుకుంది. 1993లో రష్యా వచ్చి చేరింది. రష్యా రాకెట్లు లేచే బైకనూర్ ఇంచుమించు 46 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏ చోటి నుంచి లేచినా, ఆ చోటి అక్షాంశం కన్నా తక్కువ వాలు కక్ష్యలోకి నేరుగా పోలేరు. పోనీ 46తో సరిపెడదామంటే, తిన్నగా తూర్పుకు వదిలిన రాకెట్ దశలు చైనా వైపు పడతాయి. ఉత్తరానికి కాస్త తిప్పితే 51.6 అయింది. దీనికి మూల్యం అమెరికా చెల్లించింది. అంత వాలు కక్ష్యలోకి దాని స్పేస్ షటిల్ మోయగల బరువు తగ్గిపోయింది. ఆ లోటు పూడ్చడానికి అల్యూమినియం–లిథియం లోహంతో మూడు టన్నులకు పైగా తేలికైన ఇంధన ట్యాంకు తయారు చేసుకున్నారు. 28.5 డిగ్రీల్లో ఉండుంటే లండన్, టోక్యోల నడినెత్తి మీదికి స్టేషన్ ఎన్నడూ వచ్చేది కాదు. మనకు మాత్రం అప్పుడు కూడా వచ్చేది.

ఇంతవరకూ గాలి లేదన్నట్టు మాట్లాడాను. ఉంది. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా వాతావరణం చివరి పలచన పొర ఉంది. అది స్టేషన్‌ని రాస్తూ నెలకు సుమారు రెండు కిలోమీటర్లు కిందికి దింపుతుంది. ఇక్కడే కక్ష్య మన మామూలు తెలివికి మొదటి దెబ్బ కొడుతుంది. గాలి రాపిడి వల్ల స్టేషన్ వేగం తగ్గాలి కదా? పెరుగుతుంది. రాపిడికి కాస్త కిందికి జారుతుంది. జారడమంటే పడడమే కాబట్టి వేగం పుంజుకుంటుంది. రెండు కిలోమీటర్లు దిగేసరికి వేగం సెకనుకు ఒక మీటరు పైన పెరిగి, చుట్టు రెండున్నర సెకన్లు ముందుగా పూర్తవుతుంది. ఎత్తు తగ్గినందుకు విడుదలైన శక్తిలో సగం వేగంగా మారింది, మిగతా సగాన్ని గాలి వేడి రూపంలో తీసుకుంది.

పోయిన ఎత్తును తిరిగి సంపాదించడానికి ఇంజను వెలిగించేది పైకి కాదు, ముందుకు. సెకనుకు ఒక్క మీటరు వేగం, అంటే మనిషి తీరిగ్గా నడిచే వేగం, కలిపితే కక్ష్య సగటు ఎత్తు 1.8 కిలోమీటర్లు పెరుగుతుంది. పెరిగాక చూస్తే స్టేషన్ మునుపటికన్నా నెమ్మదిగా పోతూ ఉంటుంది! 2011 దాకా స్టేషన్‌ని 350 కిలోమీటర్ల ఎత్తునే ఉంచారు. ఎక్కువ ఎత్తయితే షటిల్ అంత సరుకు మోయలేదు. షటిళ్ల రాకపోకలు ఆగిపోయే వేళకు 400కు ఎక్కించారు. ఆ యాభై కిలోమీటర్లలో గాలి ఎంత పలచబడిందంటే, ఏడాదికి సుమారు 8.6 టన్నులు అయ్యే ఇంధన ఖర్చు 3.6 టన్నులకు పడిపోయింది.

ఆ గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, రాపిడి హెచ్చుతుంది. దీన్ని తెలుగువాళ్లు ఒకసారి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెలుసుకున్నారు. 1973 మేలో అమెరికా పంపిన స్కైలాబ్ అనే స్పేస్ స్టేషన్ నుంచి చివరి జట్టు 1974 ఫిబ్రవరిలో దిగిపోయింది. షటిల్ తయారయ్యాక వెళ్లి దాన్ని పైకి తోయాలని ఆలోచన. సూర్యుడు అంతకాలం ఆగలేదు. స్కైలాబ్‌ని కిందికి తోసే పని అనుకున్నదానికన్నా ముందే మొదలైంది. 1979 వేసవి నాటికి అది పడుతుందని అందరికీ తెలుసు, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఇక ఇదే ఆఖరని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్న కథలు మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల మీద 2021లో ‘స్కైలాబ్’ పేరుతో తెలుగు సినిమాయే వచ్చింది. చివరికది జూలై 11న హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ పడింది. అక్కడి ఎస్పరెన్స్ అనే ఊరు, చెత్త పారబోశారని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. శిరీష ఎగిరిన తేదీ కూడా జూలై 11 కావడం కాకతాళీయమే, జ్యోతిష పండితులు గమనించనక్కర్లేదు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. కక్ష్యలో ముందు పోతున్నదాన్ని అందుకోవాలంటే ఏం చేయాలి? 1965 జూన్ 3న జెమినీ–4లో జేమ్స్ మెక్‌డివిట్ అనే వ్యోమగామి దీన్ని చేసి చూశాడు. తమను పైకి తెచ్చిన రాకెట్ చివరి దశ కొద్ది దూరంలో తేలుతోంది. యుద్ధవిమానాలు నడిపిన మనిషి, ముక్కు దాని వైపు తిప్పి ఇంజను వెలిగించాడు. అది దూరం జరిగింది, కిందికి జారినట్టూ కనబడింది. మళ్లీ వెలిగించాడు. ఇంకా దూరమైంది. ఇంధనం సగం దాకా కరిగాక ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది. అతను వేగం కలిపిన కొద్దీ తన కక్ష్య పెద్దదైంది. పెద్ద కక్ష్యలో చుట్టు నెమ్మది. అందుకోవాలంటే బ్రేకు వేయాలి. వేస్తే కిందికి దిగి, చిన్న కక్ష్యలో వేగంగా పోయి, ఎదుటిదాని అడుగుకు చేరి, అప్పుడు పైకి ఎక్కాలి. ఈ విద్య మీద బజ్ ఆల్డ్రిన్ చంద్రుడి మీదికి వెళ్లడానికి ఆరేళ్ల ముందు, 1963లో, ఎంఐటీలో సిద్ధాంత గ్రంథమే రాశాడు. మెక్‌డివిట్ విఫలమైన ఆరు నెలలకు, 1965 డిసెంబర్ 15న, వాల్టర్ షిరా జెమినీ–6ఎని జెమినీ–7 పక్కకు తీసుకెళ్లి చూపించాడు.

స్టేషన్‌కి వెళ్లే నౌకలన్నీ నేటికీ ఇదే పద్ధతిలో పోతాయి. కింది కక్ష్యలోకి ముందు చేరి, వెనక నుంచి వచ్చి, అడుగడుగునా ఎత్తు పెంచుకుంటాయి. లెక్కలు ఎంత పదునెక్కితే అంత త్వరగా అందుకుంటాయి. రష్యా నౌక సోయజ్‌కి ఒకప్పుడు రెండు రోజులు పట్టేది. 2013 నుంచి ఆరు గంటలయింది, 2020 అక్టోబర్‌లో మూడు గంటల్లో అయిపోయింది. 2025 జూన్‌లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్లిన డ్రాగన్ నౌక 28 గంటలు తీసుకుంది. లేచే సమయానికి స్టేషన్ కక్ష్యలో ఏ చోట ఉందన్నదాన్ని బట్టి ఈ గంటలు మారతాయి. ఎన్ని గంటలైనా ఆఖరి నిమిషం మాత్రం ఒక్కలాగే ఉంటుంది. సెకనుకు 7,660 మీటర్ల వేగంతో పోతున్న రెండు వస్తువులు ఒకదాన్నొకటి సెకనుకు పది సెంటీమీటర్ల వేగంతో తాకుతాయి.

2030 తర్వాత స్టేషన్‌ని దించేయాలని నిర్ణయం. దాని కోసం ప్రత్యేక వాహనం తయారు చేసే పనిని నాసా 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కి ఇచ్చింది. ఆ వాహనం స్టేషన్‌ని కిందికి తోయదు, పోయే దిక్కుకు ఎదురు తోస్తుంది. 7,660లో వంద మీటర్లు తగ్గితే చాలు, కక్ష్య ఒక కొస దట్టమైన గాలిలోకి దిగిపోతుంది, మిగతా పని గాలే చేస్తుంది. 2001 మార్చిలో రష్యా తన ‘మిర్’ స్టేషన్‌ని అలాగే దక్షిణ పసిఫిక్‌లో, మనుషులుండే దీవులకు దూరంగా దించింది. ఇదీ అటువంటి చోటికే. సముద్రం ఎంత పెద్దదైనా గడియారం తప్పకూడదు. ఆఖరి మంట ఒక నిమిషం ఆలస్యంగా వెలిగిందంటే, శకలాలు పడే చోటు నాలుగు వందల కిలోమీటర్లు దాటి ముందుకు జరుగుతుంది.